సభ లేనినాటి శాసనసభ్యుడు: సురవరము ప్రతాపరెడ్డి

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ప్రాంతముల కర్మాగారములలో పనిచేయువారు సంఘ సమావేశమునకు కూడుట మనము తరచుగ చూచునట్టి విషయమే. షిఫ్టు ముగిసిన పిదప ఒక షెడ్డులోనో, చెట్టు నీడనో కార్మికులు చేరుదురు. ఒకరిని అధ్యక్షునిగ కూర్చుండబెట్టుదురు. కార్యదర్శి కాగితము విప్పి తీర్మానము చదువును. ఒకరు లేచి దానిని బలపరతురు. మరియొకరు అందులో ఒక మాట మార్చవలెనని సవరణ తెత్తురు. వాదము జరుగును. చేతులెత్తుదురు, లెక్కింతురు. గెలిచినవారును ఓడినవారును కలిసి టీ త్రాగి ఇండ్లకు పోదురు.

ఈ పద్ధతి మనకు పుట్టుకతో వచ్చినట్లు తోచును. కాని నూరేండ్ల క్రిందట ఈ నేలమీద పదిమంది ఒకచోట చేరి బహిరంగముగ మాటలాడుటకే సర్కారువారి అనుమతి కావలసి యుండెను. ఆ అనుమతి దొరికినను తెలుగున మాటలాడువాని మాట వినువారు అరుదు. ఈ స్థితిని మార్చిన వారిలో ఒకరిని గురించియు, వారి ప్రజాజీవితమున మన జిల్లాకు గల చోటును గురించియు నేడు ముచ్చటించుకొందము.

ఈ కర్మాగారముల నడుమ సాగు రహదారి సంగారెడ్డి దాటి నాందేడు వైపు మళ్లును. ఆ దారిలో జోగిపేట యున్నది. 2016లో ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో అది నేడు భాగము. నాడు మెదకు జిల్లాలోనిది. 1930 మార్చి 3, 4, 5 తేదీలలో అచ్చట నిజాము రాష్ట్రపు మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను. దాని అధ్యక్షులు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఇరువది రెండేండ్ల తరువాత 1952లో వారు హైదరాబాదు శాసనసభకు సభ్యులైరి. సంవత్సరము నరకు మించి ఆ సభలో కూర్చుండుటకు వారికి ఆయుష్షు చాలలేదు. కనుక శాసనసభ్యులుగ వారి జీవితమును లెక్కించువారు ఆ కొద్దికాలమును మాత్రమే లెక్కింతురు. నిజమునకు వారి శాసనసభ్యత్వము జోగిపేటలోనే ఆరంభమైనదని నా అభిప్రాయము. అప్పటికి ఎన్నికైన శాసనసభ యనునది ఈ రాష్ట్రమున లేదు. సభ లేనిచోట సభామర్యాదను నేర్పుట ఎట్లో వారి జీవితము చెప్పుచున్నది.

ముందుగ ఆనాటి స్థితిని కొంత తెలిసికొనవలెను. నిజాము ప్రభుత్వమున శాసన నిర్మాణమునకై ఒక మండలి లేకపోలేదు. 1893 నాటి ఖానూంచా ముబారక్ అను శాసనముతో అది ఏర్పడెను. కాని అందులో ఉద్యోగులును, ప్రభుత్వము నియమించినవారును ప్రధానులు. పల్లె రైతుకు దానితో సంబంధము లేదు. బహిరంగసభలు జరుపగోరువారు ముందుగ అనుమతి పొందవలెనని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు శాసించుచుండెను. గస్తీ యనగ సర్కారు కార్యాలయములకు పంపెడు సర్క్యులరు. జిల్లాలో అవ్వల్ తాలూక్‌దారుని అనుగ్రహము లేనిదే పందిరి గుంజ నాటుట కష్టము.

ఇక భాష సంగతి. రాష్ట్ర ప్రజలలో సుమారు సగముమంది తెలుగువారు. కాని కచేరీల భాష ఉరుదూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉరుదూయే. దేశభాషలలో ఒకదానిలో ఉన్నత విద్య గరపుట గొప్ప ప్రయత్నమే; కాని తెలుగు బాలునకు అదియు పరభాషయే అయ్యెను. మొత్తము రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి ఐదారుగురికి మించలేదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. మహర్షి కర్వేగారు అధ్యక్షులు. ఇతర భాషలలో ప్రసంగించిన వారిని సభికులు శ్రద్ధతో వినిరి. ఆలంపల్లి వెంకటరామారావుగారను న్యాయవాది తెలుగున మాటలాడుటకు లేవగనే గేలి చేసి, అల్లరి పెట్టి, కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట చేరి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దాని కార్యభారము వహించిరి. అవమానము పొందినవారు సాధారణముగ కోపము తెచ్చుకొందురు. లేదా మౌనము వహింతురు. వీరు ఆ రెండును విడిచి సంఘము పెట్టిరి. ఆ సంఘమే కాలక్రమమున ఆంధ్ర మహాసభగ పెరిగెను.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28న నేటి గద్వాల ప్రాంతమున జన్మించిరి. కర్నూలున చదివి, అచ్చట సంస్కృతము నభ్యసించి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. పట్టము పొందిరి. తరువాత బి.ఎల్. పరీక్షలో నెగ్గిరి. కొంతకాలము న్యాయవాదవృత్తి చేసిరి. రాజబహదూరు వెంకటరామారెడ్డిగారు హైదరాబాదులో నెలకొల్పిన రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు 1920 తరువాతి దశకమున కార్యదర్శులై, దాని గ్రంథాలయమును వృద్ధిచేసిరి. పల్లెల నుండి వచ్చిన కుర్రవాండ్రకు అన్నముతోబాటు పుస్తకమును, పుస్తకముతోబాటు పత్రికను అందించిన చోటది.

1926 మే 10న వారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. అది వారమునకు రెండుమారులు వెలువడెడిది. సంపాదకీయము వ్రాయుట, అచ్చుతప్పులు దిద్దుట, చందాదారుల చిరునామాలు వ్రాయుట వంటి పనులన్నియు ఒక్కచేతి మీదుగ నడచిన దినములు పెక్కు. ఆనాటికి హైదరాబాదులో రేడియో కేంద్రము లేదు. నగరమున ఏమి జరుగుచున్నదో జోగిపేట వర్తకునకు, వనపర్తి రైతునకు తెలిపినది ఇట్టి పత్రికయే. పల్లెలో చదువ వచ్చినవాడు ఒకడు బిగ్గరగ చదువగా పదిమంది వినెడివారు. నేటి శ్రోతల వంటివారే వారును.

ఒకప్పుడు ఆ పత్రిక సంపాదకీయములను ముందుగ అధికారులకు చూపి, అనుమతి పొందిన పిమ్మటనే ప్రకటింపవలెనని ఆంక్ష పెట్టిరట. ప్రతాపరెడ్డిగారు సంపాదకీయపు చోటున ప్రపంచ మేధావుల సూక్తులను అచ్చువేయసాగిరని చెప్పుదురు. స్వేచ్ఛను గురించి పరదేశపు ప్రాజ్ఞుడెవరో పలికిన మాటకు ఏ అధికారి ఏమి దోషము పట్టగలడు? చదువువారు మాత్రము అది తమను గురించియే యని గ్రహించిరి.

ఇచ్చట ఒక దూరదేశపు ఉదాహరణము చెప్పుట సందర్భోచితముగ నుండును. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమునకు చెందిన రాబర్టు లా ఫాలెట్ 1855లో జన్మించి, 1901 నుండి గవర్నరుగను, 1906 నుండి 1925లో మరణించువరకు సెనేటరుగను పనిచేసెను. రైలు కంపెనీల ప్రాబల్యమును, పార్టీ పెద్దల పెత్తనమును ఎదిరించి, అభ్యర్థులను ప్రజలే నేరుగ ఎన్నుకొను పద్ధతిని తన రాష్ట్రమున నెలకొల్పిన వాడతడు. 1909లో అతడును ఒక వారపత్రిక పెట్టెను. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించునపుడు వలదని వోటు వేసిన ఆరుగురు సెనేటర్లలో అతడొకడు. దేశమంతయు ద్రోహి యనెను. సభనుండి వెడలగొట్టవలెనని విజ్ఞప్తులు వచ్చెను. విచారణ సాగి సాగి 1919లో ఆ ప్రయత్నము వీగిపోయెను. 1924లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడినను సుమారు 48 లక్షల వోట్లు పొందెను.

లా ఫాలెట్‌కును, ప్రతాపరెడ్డిగారికిని పోలికలు స్పష్టమే. ఇరువురును న్యాయశాస్త్రము చదివినవారు. ఇరువురును పత్రిక నడిపినవారు. ఇరువురును నలుగురికి నచ్చని మాట చెప్పుటకు వెనుదీయనివారు. కాని భేదము పోలికకంటె పెద్దది. సభయంతయు తనకు విరుద్ధమైనను లా ఫాలెట్‌కు నిలిచి మాటలాడుటకు ఒక సభ యుండెను. అతని మాటను లిపిబద్ధము చేయు గుమాస్తాయును, అతనిని కాపాడు నియమమును ఉండెను. ప్రతాపరెడ్డిగారికి అవేవియు లేవు. మాటకు ముందు సభను, సభకు ముందు అనుమతిని, అనుమతికి ముందు దానిని కోరు ధైర్యమును సంపాదింపవలసి వచ్చెను.

అట్లు సంపాదించినదే జోగిపేట సభ. సర్కారు అనుమతికి లోబడి, రాజకీయముల జోలికి పోని సభగ దానిని నడుపవలసి వచ్చెను. కనుక చర్చలు విద్య, సంఘసంస్కారము, గ్రంథాలయములు, స్త్రీల స్థితి, పల్లెల బాధలు మొదలగువాని చుట్టు తిరిగెను. మాతృభాషలో విద్య, బాల్యవివాహముల నిషేధము, వితంతువుల పునర్వివాహము, అస్పృశ్యతా నివారణము మొదలైనవి ఆ ఉద్యమము పట్టుకొన్న విషయములు. ఇవి రాజకీయములు కావని పైకి తోచును. కాని బాలుడు ఏ భాషలో చదువవలెను, కూలి లేక ఎవడు ఎవనికి పనిచేయవలెను అను ప్రశ్నలకంటె పెద్ద రాజకీయ మేమున్నది?

అచ్చటనే, ఆ దినములలోనే, ఆంధ్ర మహిళాసభయు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన జరిగెను. పరదా మర్యాదగ చెల్లుచున్న రాజ్యమున ఒక చిన్న ఊరిలో స్త్రీలు వేరుగ సభ చేసి, అధ్యక్షురాలిని ఎన్నుకొని, తమ కోరికలను తామే పలుకుట సామాన్యము కాదు.

ఆదిహిందువుల నాయకులు భాగ్యరెడ్డివర్మగారు మహాసభకు వచ్చిరి. వారు ప్రసంగించుటకు లేచినపుడు కొందరు సనాతనులు అభ్యంతరము చెప్పగా సభలో కలకలము రేగెను. తొమ్మిదేండ్ల క్రిందట తెలుగువాడని ఒకరి నోరు మూయించిన అవమానము నుండి పుట్టిన ఉద్యమమిది. ఇప్పుడు అదే ఉద్యమపు పందిరిలో కులమును బట్టి మరియొకరి నోరు మూయింతురా? పరీక్ష అదియే. వర్మగారు మాటలాడిరి. సభ నిలిచెను. మన హక్కును అడుగునపుడు ఎదుటివాని హక్కు గుర్తునకు వచ్చుట సుకరము కాదని మాత్రము ఆ కలకలము నేటికిని చెప్పుచున్నది.

ఇక తీర్మానముల సంగతి. తీర్మానము చట్టము కాదు. చట్టము వెనుక పోలీసు, న్యాయస్థానము, ఖజానా ఉండును. తీర్మానము వెనుక దానిని చేసినవారి మాట తప్ప మరేదియు లేదు. అట్టిదానికై మూడు దినములు వాదించుట కాలహరణము కాదా యని అడుగవచ్చును. కాదనుటకు మూడు కారణములు కలవు.

మొదటిది: తీర్మానము ఒక్కని మొరను పదిమంది కోరికగ మార్చును. పటేలు తనచేత వెట్టి చేయించుకొన్నాడని ఒక్కడు చెప్పిన, అది వాని కర్మమందురు. ఊరూరి ప్రతినిధులు అదే చెప్పిన, అది రాజ్యవ్యవహారమగును. రెండవది: తీర్మానము మాటను కుదించి స్పష్టము చేయును. మాకు కష్టముగ నున్నదని యేడ్చినంత చాలదు. ఎవరు, ఏమి, ఎన్నటిలోగ చేయవలెనో వ్రాయవలెను. కోపమును వాక్యముగ మార్చుటయే శాసననిర్మాణమునకు ఓనమాలు. మూడవది: తీర్మానము మరుసటి యేటికి మిగులును. నిరుడు ఇట్లనుకొంటిమి, ఏమైనదని అడుగుటకు ఆధారముండును.

ఈ పద్ధతికి ఒక మంచి ఉదాహరణము కలదు. వెట్టిచాకిరిని నిషేధించుచు ప్రభుత్వము తానే పూర్వము కొన్ని గస్తీలు వెలువరించి యుండెను. అవి ఉరుదూలో నుండి కచేరీల బీరువాలలో నిదురించుచుండెను. ఆంధ్ర జనసంఘమువారు వానిని వెదకి, తెలుగున చిన్న పుస్తకముగ అచ్చువేసి పల్లెలలో పంచిరి. కొత్త చట్టము చేయు అధికారము వారికి లేదు. ఉన్న చట్టమును ప్రజల చేతిలో పెట్టు ఉపాయము మాత్రము వారికి తోచెను.

జోగిపేట తరువాత 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను, 1934లో ఖమ్మమున పులిజాల వేంకటరంగారావుగారి అధ్యక్షతను, 1935లో సిరిసిల్లలో మాడపాటివారి అధ్యక్షతను సభలు జరిగెను. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క పాఠశాల అయ్యెను. న్యాయవాదులు, భూవసతి కలవారు మొదట వీనిలో ముందుండిరి. కౌలుదారు, కూలివాడు వెనుక నిలిచిరి. ఈ లోపము దాచదగినది కాదు. తరువాతి తరము ఆ వెనుకవారిని ముందునకు తెచ్చెను. అభిప్రాయభేదములు ముదిరి 1944లో భువనగిరిలో మహాసభ చీలిపోయెను. అయినను చీలిన రెండు పక్షములును అధ్యక్షుని ఎన్నుకొనుటను, తీర్మానము చేయుటను నేర్చినది ఒక్క బడిలోనే.

ప్రతాపరెడ్డిగారి సాహిత్యసేవ వేరుగ చెప్పదగినంతటిది. కాని వారి ప్రజాజీవితముతో దానికి గల బంధమొకటి చెప్పక తీరదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాసిరి. ప్రతాపరెడ్డిగారు కోపముతో ప్రతివ్యాసము వ్రాసి యూరకుండలేదు. ఊరూరికి జాబులు వ్రాసి, కవుల వివరములను, పద్యములను తెప్పించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆక్షేపణకు సాక్ష్యముతో సమాధానము చెప్పుట చట్టసభలో కూర్చుండువానికి ఉండదగిన మొదటి గుణము. 1949లో వెలువడిన వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యు నట్టిదే. రాజుల యుద్ధములను ప్రక్కనబెట్టి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, ఏ పన్నులు కట్టిరి అని అది విచారించెను. చరిత్రలో సామాన్యునకు స్థానమిచ్చినవారు రాజ్యములో అతనికి స్థానము కోరుట సహజము.

1939లో నిజాము ప్రభుత్వము కొన్ని రాజ్యాంగ సంస్కరణములను ప్రకటించెను. అందలి ప్రాతినిధ్యము వృత్తులను బట్టి యేర్పడినది. ఎల్లరకు వోటు లేదు. ప్రజలు కోరిన బాధ్యతాయుత ప్రభుత్వము అది కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసెను. 1952 ఎన్నికలలో ఇరువది యొక్క సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీకిని, ప్రతి పురుషునకును వోటు వచ్చెను. గస్తీ నిషాన్ కాలమున సభకు పోవుటకు జంకిన రైతే ఇప్పుడు సభ్యుని ఎన్నుకొనెను. వనపర్తి ప్రజలు ప్రతాపరెడ్డిగారిని ఎన్నుకొనిరి.

175 మంది సభ్యులు గల ఆ శాసనసభలో తెలుగువారు, మరాఠీలు, కన్నడిగులు, ఉరుదూ మాటలాడువారు కలిసి కూర్చుండిరి. ముఖ్యమంత్రి బూర్గులవారు; దేవరకొండ పందిరిలో అధ్యక్షత వహించినవారే. నాటి పందిళ్లలో నేర్చిన విద్య ఇప్పుడు రాజభవనమువంటి కట్టడమున అక్కరకు వచ్చెను. 1953 ఆగస్టు 25న ప్రతాపరెడ్డిగారు దివంగతులైరి. అప్పటికి వారి వయస్సు ఏబది యేడు. 1955లో సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన మొదటి బహుమానము వారి సాంఘిక చరిత్రకు లభించెను. అందుకొనుటకు వారు లేరు. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టుచు చట్టము చేసెను. అదియు ఒకరు ప్రతిపాదింపగా, చర్చించి, వోటుతో నెగ్గించిన విషయమే.

చట్టసభలో ఎన్ని యేండ్లు కూర్చుండిరి, ఎన్ని పదవులు వహించిరి అని నాయకులను కొలుచుట మనకు అలవాటు. ఆ కొలతకు ప్రతాపరెడ్డిగారు అందరు. సభలో కూర్చుండువారు పెక్కుమంది. సభ యనునది ఉండవలెనని జనులకు తోపించినవారు కొందరే. కూడుటయే నేరమైననాడు కూడుట, తెలుగు పలుకు నగుబాటైననాడు తెలుగున తీర్మానించుట, ఓడిన పక్షపు మాటను కూడ వ్రాసియుంచుట: వీనిని అలవాటు చేయుటకు ఒక జీవితకాలము పట్టెను. విడుచుటకు అంతకాలము పట్టదు. వినువారు లేరని ఒక సభ మానిన, అడుగువారు లేరని ఒక లెక్క చెప్పకున్న, కులమునో ఊరినో చూచి ఒకని మాట త్రోసివేసిన చాలును.

ఈమారు మీ కర్మాగారపు సంఘములోనో, మీ ఊరి గ్రామసభలోనో ఒకరు లేచి తడబడుచు తమ మాట చెప్పునపుడు, అది ఎంత చిన్న విషయమైనను, ముగియువరకు వినుడు. 1921లో హైదరాబాదు నాటకశాలలో ఒక తెలుగు న్యాయవాదికి దొరకనిది ఆ పాటి వినికిడియే.